ఆదర్శ వాయు స్థిరాంకాన్ని కొలిచిన తొమ్మిది రోజులు: ప్రాజెక్టు డైరీ

మొదలుపెట్టే ముందు

వాయువుల లెక్క చేసే ప్రతిసారీ 8.314 అనే సంఖ్యను పట్టికలో చూసి వేసుకోవడం అలవాటైపోయింది. ఆ సంఖ్యను మామూలు సామగ్రితో నా చేతులతో నేనే రాబట్టాలని, ఎంత దగ్గరగా వస్తుందో చూడాలని ఈ పని తలపెట్టాను. ‘పీవీ = ఎన్‌ఆర్‌టీ’ అనే సమీకరణంలో పీడనం, ఘనపరిమాణం, మోల్‌ల సంఖ్య (మోల్ అంటే అణువులను లెక్కపెట్టే ప్రమాణం), ఉష్ణోగ్రత అనే నాలుగింటినీ కొలవగలిగితే మిగిలిపోయే ఒకే ఒక్కటి ఆర్, అంటే ఆదర్శ వాయు స్థిరాంకం. ఆ నాలుగింటిలో దేన్ని సరిగా కొలవలేకపోయినా ఆ తప్పంతా ఆర్ మీదికే వచ్చి పడుతుంది కాబట్టి, ఈ ప్రయోగం స్థిరాంకానికి ఎంత పరీక్షో నా కొలతలకూ అంతే పరీక్ష.

ఆర్ అంటే ఏమిటో ముందుగా మనసులో స్పష్టం చేసుకున్నాను. పీడనాన్ని ఘనపరిమాణంతో గుణిస్తే వచ్చేది శక్తి. ఒక పాస్కల్‌ను ఒక ఘనపు మీటరుతో గుణిస్తే ఒక జౌల్ వస్తుంది. ఒక కిలోపాస్కల్‌ను ఒక లీటరుతో గుణించినా అదే ఒక జౌల్. స్వేచ్ఛగా కదిలే పిస్టన్ కింద ఒక మోల్ వాయువు ఉందనుకుందాం. పీడనం మారకుండా దాని ఉష్ణోగ్రతను ఒక కెల్విన్ పెంచితే, అది వ్యాకోచించి పిస్టన్‌ను పైకి నెట్టడంలో చేసే పని సరిగ్గా 8.314 జౌళ్లు. ఒక కిలో బరువును నేల మీది నుంచి దాదాపు 85 సెంటీమీటర్లు ఎత్తడానికి కావలసిన పని అది. వాయువు హైడ్రోజన్ అయినా, ఆర్గాన్ అయినా, పీడనం తక్కువగా ఉన్నంతవరకు ఈ పని మారదు. ఇలా ఆలోచించిన తరువాతే ‘జౌల్ పర్ మోల్ పర్ కెల్విన్’ అనే ప్రమాణం నాకు అర్థవంతంగా కనిపించింది. 0.08206, 1.987 అని పుస్తకాల్లో కనిపించేవి కూడా ఇదే రాశికి లీటర్-అట్మాస్ఫియర్లలోనూ, కేలరీలలోనూ ఉన్న రూపాలు.

మొదటి రోజు

పద్ధతి పాతదే, నమ్మదగినదే. తెలిసిన ద్రవ్యరాశి గల మెగ్నీషియం రిబ్బన్‌ను హైడ్రోక్లోరికామ్లంలో పూర్తిగా కరిగిస్తే, ఒక మోల్ మెగ్నీషియానికి ఒక మోల్ హైడ్రోజన్ వెలువడుతుంది. మెగ్నీషియం పరమాణు భారం 24.305 కాబట్టి, లోహాన్ని తూచితే వాయువును లెక్కపెట్టినట్టే. ఆ హైడ్రోజన్‌ను తలకిందులుగా నిలబెట్టిన 50 మిల్లీలీటర్ల బ్యూరెట్‌లో (కొసన కుళాయి ఉండే, కొలత గీతలున్న పొడవాటి గాజు గొట్టం) నీటి మీద పట్టాలి.

నా దగ్గరున్న త్రాసు 0.01 గ్రాము వరకే చూపుతుంది. నాకు కావలసిన ముక్క 0.03 గ్రాముల పైచిలుకు మాత్రమే ఉంటుంది కనుక దాన్ని నేరుగా తూచడం వ్యర్థం. అందుకని ఒక మీటరు రిబ్బన్‌ను తూచాను: 0.98 గ్రాములు. అంటే సెంటీమీటరుకు 0.0098 గ్రాములు. దాని నుంచి 3.50 సెంటీమీటర్ల ముక్క కోశాను.

ఆమ్లం పని కాబట్టి కళ్లద్దాలు, చేతి తొడుగులు వేసుకుని, దగ్గరలో ఏ మంటా లేకుండా, కిటికీలన్నీ తెరిచి మొదలుపెట్టాను. బ్యూరెట్ కుళాయిని మూసి, మూడు మోలార్ (లీటరుకు మూడు మోల్‌ల గాఢత గల) ఆమ్లాన్ని పది మిల్లీలీటర్లు పోసి, దాని మీద గోడ వెంబడి నెమ్మదిగా నీటిని అంచు వరకు నింపాను. మెగ్నీషియం ముక్కను సన్నని రాగి తీగతో చుట్టి పంజరంలా చేసి, తీగ కొసను రంధ్రమున్న రబ్బరు బిరడాకూ గాజు అంచుకూ మధ్య బిగించాను. రాగి ఈ ఆమ్లంతో చర్య జరపదు. ముక్క పైకి తేలిపోకుండా పట్టి ఉంచడమే దాని పని. రంధ్రాన్ని వేలితో మూసి, బ్యూరెట్‌ను తిప్పి, నీళ్లున్న జాడీలో ముంచి స్టాండుకు బిగించాను.

తరువాతి కొన్ని క్షణాలు చూడవలసినవి. నీటికన్నా బరువైన ఆమ్లం, వేడి రోడ్డు మీద గాలి అలలలా మెలికలు తిరుగుతూ కిందికి దిగింది. అది రాగి పంజరాన్ని తాకగానే రిబ్బన్ అంచుల మీద ముందు సన్నని తెల్లని నురగ కనిపించి, ఆ తరువాత బుడగలు వరుసకట్టి పైకి పరుగెత్తాయి. కొన్ని నిమిషాల్లో లోహం కాగితంలా పలచబడి, ముక్కలై, కనిపించకుండా పోయింది. రాగి పంజరం మాత్రం ఖాళీగా మెరుస్తూ మిగిలింది.

చర్య ఆగగానే నీటిమట్టం 14.45 దగ్గర ఉంది. అయితే ఒక మోల్ మెగ్నీషియం ఇలా కరిగినప్పుడు సుమారు 467 కిలోజౌళ్ల వేడి వెలువడుతుంది; నా చిన్న ముక్క ఇచ్చే వేడికే బ్యూరెట్‌లోని నీరు మూడు డిగ్రీల దాకా వేడెక్కగలదు. గాజును తాకితే గోరువెచ్చగానే ఉంది. ఇరవై నిమిషాలు ఆగిన తరువాత మట్టం 14.80 దగ్గర నిలిచింది. ఆగకుండా చూసి ఉంటే ఒక్క ఈ కారణంగానే దాదాపు ఒక శాతం తప్పు వచ్చేది.

గది ఉష్ణోగ్రత 27.0 డిగ్రీలు, అంటే 300.15 కెల్విన్. వాతావరణ సమాచారంలో పీడనం 101.0 కిలోపాస్కల్‌లని ఉంది. ఘనపరిమాణం 50లో 14.80 పోగా 35.20 మిల్లీలీటర్లు. మోల్‌లు 0.001411. లెక్క వేస్తే ఆర్ విలువ 8.39 వచ్చింది.

అసలు విలువకు ఒక్క శాతం మాత్రమే దూరం. ఆ రాత్రి ఎంతో సంతోషంగా నిద్రపోయాను.

రెండవ రోజు

దిద్దుబాట్లు మిగిలే ఉన్నాయని తెలుసు. నీటి మీద పట్టిన వాయువులో హైడ్రోజన్ ఒక్కటే ఉండదు, నీటి ఆవిరి కూడా ఉంటుంది. 27 డిగ్రీల దగ్గర జలబాష్ప పీడనం 3.57 కిలోపాస్కల్‌లు. దాన్ని తీసివేస్తే ఆర్ 8.10కి పడిపోయింది.

బ్యూరెట్ లోపలి నీటిమట్టం జాడీలోని మట్టంకన్నా 12.0 సెంటీమీటర్లు ఎత్తున ఉందని నిన్ననే రాసిపెట్టుకున్నాను. ఆ నీటి స్తంభం బరువును బయటి గాలే మోస్తుంది కాబట్టి, లోపలి వాయువు పీడనం అంతమేరకు తక్కువ. 12 సెంటీమీటర్ల నీరు అంటే 1.17 కిలోపాస్కల్. అదీ తీసివేస్తే 8.00.

న్యాయమైన దిద్దుబాటు చేసిన కొద్దీ జవాబు సరైన విలువకు దగ్గర కావాలి కదా? ఇక్కడ దూరం జరుగుతోంది. దీన్ని బట్టి నిన్నటి 8.39 మంచి కొలత వల్ల వచ్చింది కాదని, ఎదురెదురు తప్పులు ఒకదాన్నొకటి కప్పిపుచ్చుకోవడం వల్ల వచ్చిందని అర్థమైంది. అసలు విలువ ముందుగా తెలిసి ఉండటంలో ఉన్న ప్రమాదం ఇదే: దగ్గరగా వచ్చిన జవాబును ఎవరూ అనుమానించరు. ఇక నుంచి 8.314ను పక్కనపెట్టి, ప్రతి కొలతనూ దానికదే పరీక్షించాలని నిర్ణయించుకున్నాను.

మూడవ రోజు

మొదటి అనుమానం పీడనం మీద. వాతావరణ సమాచారంలో ఇచ్చే పీడనం సాధారణంగా సముద్రమట్టానికి సరిదిద్ది చెప్పిన విలువ. వేరువేరు ఎత్తుల్లో ఉన్న ఊళ్ల పీడనాలను పోల్చి చూడటానికి వాతావరణ శాస్త్రవేత్తలకు అది అవసరం. కానీ నా బ్యూరెట్ మీద నొక్కుతున్నది ఇక్కడి గాలి. నేను ప్రయోగం చేస్తున్న చోటు సముద్రమట్టానికి దాదాపు 500 మీటర్ల ఎత్తున ఉంది. ఈ ఎత్తుల్లో పైకి వెళ్లే ప్రతి 85, 90 మీటర్లకు పీడనం ఒక కిలోపాస్కల్ చొప్పున తగ్గుతుంది.

ఫోన్‌లోని పీడన సెన్సర్ చూపేది సరిదిద్దని స్థానిక విలువ. అది 95.4 కిలోపాస్కల్‌లని చూపింది. వాతావరణ సమాచారంలోని అంకె మొదటి రోజు నుంచి దాదాపు కదలలేదు కనుక, ఆ రోజుకూ ఇదే విలువను తీసుకున్నాను. అంటే మొదటి రోజు పీడనాన్ని 5.6 కిలోపాస్కల్‌లు ఎక్కువగా వేశాను. దాన్ని సరిచేస్తే పొడి హైడ్రోజన్ పీడనం 90.66 అయింది, ఆర్ 7.54కు దిగింది.

తొమ్మిది శాతానికి పైగా తక్కువ. ఈ సంఖ్యను నోటుపుస్తకంలో రాసేటప్పుడు చేయి కాస్త తటపటాయించింది గాని, దీని వెనుక ఉన్న పీడనం మాత్రం ఇప్పుడు నిజమైన పీడనం.

నాలుగవ, అయిదవ రోజులు

తరువాతి అనుమానం ద్రవ్యరాశి మీద. 0.98లో చివరి అంకె ఒకటి అటూ ఇటూ అయితే ఒక శాతం తేడా. పరిహారం సులభం: ఎక్కువ పొడవును తూచడం. మూడు మీటర్లు తూచితే 2.95 గ్రాములు వచ్చింది, సెంటీమీటరుకు 0.00983. అదే 0.01 గ్రాము సందిగ్ధత ఇప్పుడు మూడో వంతే. అయితే దీనివల్ల ఆర్ 7.54 నుంచి 7.51కి ఇంకొంచెం తగ్గిందే తప్ప పెరగలేదు. తొమ్మిది శాతం లోటుకు కారణం ఇది కాదు.

ఏమి తప్పో తెలియనప్పుడు, మార్చగలిగిన రాశిని మార్చి చూడటం మంచిది. 2.00, 2.50, 3.00, 3.50 సెంటీమీటర్ల ముక్కలతో నాలుగుసార్లు ప్రయోగం చేశాను. వరుసగా వచ్చిన ఆర్ విలువలు 6.96, 7.22, 7.39, 7.51. ఇవి అడ్డదిడ్డంగా లేవు. ముక్క పెద్దదైన కొద్దీ విలువ క్రమంగా పెరుగుతోంది. తప్పు మెగ్నీషియం తూకంలోనో, పీడనంలోనో ఉంటే అన్ని ముక్కలకూ దాదాపు ఒకే శాతంలో ఉండాలి. చిన్న ముక్కను ఎక్కువగా, పెద్ద ముక్కను తక్కువగా దెబ్బతీసే తప్పు ఒక్కటే: వాయువు ఎంత ఉన్నా మారకుండా ఉండే ఒక స్థిరమైన మొత్తం.

గ్రాఫు కాగితం తీసి, అడ్డంగా మోల్‌ల సంఖ్యను, నిలువుగా పీడనం, ఘనపరిమాణాల లబ్ధాన్ని ఉష్ణోగ్రతతో భాగించగా వచ్చిన విలువను గుర్తించాను. నాలుగు బిందువులూ ఒక సరళరేఖ మీద చక్కగా కూర్చున్నాయి. మోల్‌లు సున్నా అయినప్పుడు వాయువూ సున్నాయే కాబట్టి ఆ రేఖ మూలబిందువు గుండా పోవాలి. కానీ పొడిగించి చూస్తే అది సున్నాకు దిగువన, నిలువు అక్షాన్ని రుణ విలువ దగ్గర కోసింది. అంటే ప్రతిసారీ నేను కొంత వాయువును లెక్కలోకి తీసుకోవడం లేదు. రేఖ వాలు మాత్రం 8.24 అని వచ్చింది. వాలు అంటే ఇక్కడ ఆర్. రేఖ మొత్తాన్ని కిందికి దించేసిన తప్పు వాలును పెద్దగా తాకలేదు. నాలుగు రోజుల తరువాత మొదటిసారి, ఎదురెదురు తప్పుల సాయం లేకుండా, అసలు విలువ కనిపించడం మొదలైంది.

అక్షాన్ని కోసిన చోటును ఘనపరిమాణంలోకి మార్చాను: దాదాపు 3.5 మిల్లీలీటర్లు.

ఆరవ రోజు

ఆ 3.5 మిల్లీలీటర్లు ఎక్కడ దాక్కున్నాయో బ్యూరెట్‌ను చేతిలోకి తీసుకుని చూడగానే తెలిసింది. 50 అనే గీతకూ కుళాయికీ మధ్య గీతలు లేని గాజు భాగం ఉంది. మామూలు వాడకంలో ఎవరూ ఆ గీత దాటి కిందికి వెళ్లరు కాబట్టి దానికి కొలత అవసరం లేదు. తలకిందులు చేసినప్పుడు మాత్రం అదే అన్నింటికన్నా పైభాగం; తొలి బుడగ చేరేది అక్కడికే. నేను 50 గీత నుంచే లెక్కపెడుతూ, దాని పైనున్న వాయువునంతా వదిలేశాను.

దాన్ని కొలవడానికి బ్యూరెట్‌ను నిటారుగా నిలబెట్టి, కుళాయి కింది ముక్కు కూడా నిండేలా నీరు నింపి, మట్టాన్ని సరిగ్గా 50 దగ్గరికి తెచ్చాను. అక్కడి నుంచి కుళాయి వరకు ఉన్న నీటిని తూచిపెట్టిన చిన్న గిన్నెలోకి వదిలి, మళ్లీ తూచాను. మూడుసార్లలో 3.58, 3.61, 3.57 గ్రాములు వచ్చాయి. 27 డిగ్రీల దగ్గర నీటి సాంద్రత 0.9965 కాబట్టి ఘనపరిమాణం 3.60 మిల్లీలీటర్లు. గ్రాఫు చెప్పింది 3.5, త్రాసు చెప్పింది 3.60. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు దారులు ఒకే చోటికి చేరడం ఈ ప్రాజెక్టు మొత్తంలో నాకు అత్యంత ఆనందం కలిగించిన విషయం.

పాత లెక్కలన్నీ మళ్లీ వేశాను. 3.50 సెంటీమీటర్ల ముక్కకు ఘనపరిమాణం 38.80 మిల్లీలీటర్లయింది, ఆర్ 8.28. రెండు సెంటీమీటర్ల ముక్కకూ 8.28. ముక్క పొడవుతో విలువ మారడమనేది పూర్తిగా పోయింది.

ఏడవ, ఎనిమిదవ రోజులు

మిగిలిన లోటు 0.4 శాతం. మెగ్నీషియం గాలి తగిలితే మీద ఆక్సైడ్ పొర కడుతుంది. నా రిబ్బన్ మీద ఆ బూడిదరంగు మసక స్పష్టంగా ఉంది. ఆక్సైడ్ ఆమ్లంలో కరుగుతుంది గాని హైడ్రోజన్‌ను ఇవ్వదు, నీటినే ఇస్తుంది. అంటే అది తూకంలో ఉంటుంది, వాయువులో ఉండదు. ఆర్ తక్కువగా వస్తుంది.

గరుకు కాగితంతో ముక్కను మాత్రమే రుద్దితే సరిపోదు, ఎందుకంటే రుద్దిన తరువాత సెంటీమీటరు బరువు మారిపోతుంది. అందువల్ల మిగిలిన రిబ్బన్‌లో 2.80 మీటర్లను రెండు వైపులా మెరిసేదాకా రుద్ది, గుడ్డతో తుడిచి తూచాను: 2.72 గ్రాములు, అంటే సెంటీమీటరుకు 0.00971. ముక్కలను స్కేలుతో కాకుండా వర్నియర్ కాలిపర్స్‌తో కొలిచి, అంచు వాలుగా తెగకుండా పదునైన బ్లేడుతో కోశాను. 3.50 సెంటీమీటర్లలో అర మిల్లీమీటరు తేడా వచ్చినా అది 1.4 శాతం తప్పవుతుంది.

ఒక ప్రయోగం అంకెలను పూర్తిగా రాస్తున్నాను. స్థానిక పీడనం 95.3 కిలోపాస్కల్‌లు, ఉష్ణోగ్రత 27.5 డిగ్రీలు, అక్కడి జలబాష్ప పీడనం 3.67, నీటి స్తంభం 12.3 సెంటీమీటర్లు అంటే 1.20. పొడి హైడ్రోజన్ పీడనం 90.43 కిలోపాస్కల్‌లు. మట్టం 15.05 కాబట్టి గీతల మధ్య 34.95, దానికి 3.60 కలిపితే 38.55 మిల్లీలీటర్లు. మోల్‌లు 0.001399, ఉష్ణోగ్రత 300.65 కెల్విన్. ఆర్ 8.29.

రెండు రోజుల్లో మొత్తం అయిదుసార్లు చేస్తే వచ్చినవి: 8.29, 8.33, 8.30, 8.34, 8.27. సగటు 8.31.

అయిదు విలువల మధ్య ఉన్న చెదరు చిన్నదే. అయితే ప్రతిసారీ ఒకే వైపు లాగే సందిగ్ధతలు సగటు తీసినంత మాత్రాన పోవు. త్రాసు వల్ల దాదాపు 0.4 శాతం, ఘనపరిమాణం వల్ల 0.3, ఉష్ణోగ్రతమాపకం వల్ల 0.2, పీడన సెన్సర్ వల్ల 0.1 శాతం వేసుకుని, వాటి వర్గాల మొత్తానికి వర్గమూలం తీస్తే అర శాతం చుట్టుపక్కల వచ్చింది. కాబట్టి నా ఫలితం 8.31, దానికి అటూ ఇటూ 0.05. హైడ్రోజన్ నిజంగా ఆదర్శ వాయువు (పీవీ = ఎన్‌ఆర్‌టీని తూచా తప్పకుండా పాటించే ఊహాత్మక వాయువు) కాదన్న సంగతి ఇక్కడ పట్టించుకోనవసరం లేదు. ఈ పీడనాల దగ్గర ఆ తేడా 0.1 శాతం కూడా ఉండదు.

తొమ్మిదవ రోజు

పని ముగిసింది కనుక ఈ సంఖ్య చరిత్రను తీరికగా చదివాను. పీడనం, ఘనపరిమాణాల సంబంధాన్ని బాయిల్ 1662లో ప్రకటించాడు. ఉష్ణోగ్రతతో వ్యాకోచాన్ని గే-లుస్సాక్ 1802లో, సమాన ఘనపరిమాణాల్లో సమాన సంఖ్యలో అణువులుంటాయన్న ఊహను అవొగాడ్రో 1811లో ముందుకు తెచ్చారు. పీడనం, ఘనపరిమాణం, ఉష్ణోగ్రతలను ఒకే సమీకరణంలోకి తెచ్చిన ఘనత 1834లో క్లాపెరాన్‌ది.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది 1988 నాటి కొలత. అమెరికాలోని జాతీయ ప్రమాణాల ప్రయోగశాలలో ఒక ఉక్కు గోళాన్ని ఆర్గాన్‌తో నింపి, అందులో ధ్వని అనునాదాలను కొలిచి, ధ్వని వేగం నుంచి ఆర్ విలువను 8.314471గా రాబట్టారు. వాయువులో ధ్వని వేగపు వర్గం ఆర్‌కూ ఉష్ణోగ్రతకూ అనులోమానుపాతంలో ఉంటుంది కాబట్టి ఇది సాధ్యమైంది. ఆ గోళం ఘనపరిమాణం కచ్చితంగా తెలియాలి కదా. అందుకు వారు దాన్ని పాదరసంతో నింపి, ఆ పాదరసాన్ని తూచారు. నేను బ్యూరెట్ కొసలోని నీటిని తూచిన పనికి అది ఎన్నో రెట్లు సూక్ష్మమైన రూపం. ఆ వాక్యం చదివినప్పుడు నా 3.60 మిల్లీలీటర్లు గుర్తొచ్చి మనసు నిండింది.

2019 మే 20 నుంచి బోల్ట్జ్‌మన్ స్థిరాంకానికీ (ఒక్కో అణువుకు లెక్కించిన ఆర్), అవొగాడ్రో సంఖ్యకూ (ఒక మోల్‌లోని అణువుల సంఖ్య) నిర్వచనం ద్వారానే కచ్చితమైన విలువలు ఇచ్చారు. ఆ రెండింటి లబ్ధమే ఆర్ కాబట్టి, 8.314462618 అని మొదలయ్యే ఆ సంఖ్యలో ఇప్పుడు సందిగ్ధత లేదు. కనుక ఈనాడు నాలాంటి ప్రయోగం చేసేవారు ఆర్‌ను కొలిచినట్టు కనిపించినా, నిజానికి తమ త్రాసును, ఉష్ణోగ్రతమాపకాన్ని, పీడన సెన్సర్‌ను ఆర్‌తో సరిచూసుకుంటున్నారు.

సాయంత్రం మిగిలిన ఆమ్లంలో తినే సోడా కొద్దికొద్దిగా వేసి, నురగ ఆగేదాకా తటస్థపరిచి, నీటితో పలుచన చేసి పారబోశాను. రాగి తీగను కడిగి ఆరబెట్టాను. రుద్దిన రిబ్బన్‌లో మిగిలిన 2.62 మీటర్లను మూత గట్టిగా ఉన్న సీసాలో పెట్టి, ‘సెంటీమీటరుకు 0.00971 గ్రాములు, వాడే ముందు మళ్లీ రుద్ది తూచాలి’ అని రాసి అంటించాను. బ్యూరెట్ కుళాయి దగ్గర కూడా ఒక చీటీ అంటించాను: ‘తలకిందులు చేస్తే 3.60 మిల్లీలీటర్లు కలపాలి.’